తాబేలు మీద లోకం: ఎక్కడ ఎక్కాలి, ఎవరి వెంట నడవాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

టెర్రీ ప్రాచెట్ రాసిన ‘డిస్క్‌వరల్డ్’ నవలల గురించి వచ్చిన ఉత్తరాలతోనే ఈ నెల శీర్షిక నిండిపోయింది. వాటి పేరు కొత్తగా వింటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రాచెట్ ఇంగ్లండు రచయిత. ఈ వరుసలో మొదటి నవల 1983లో, ఆఖరిది 2015లో వచ్చాయి. మొత్తం 41. లోకం పళ్ళెంలా చదునుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటే, ఆ ఏనుగులను మోస్తూ ఒక మహా తాబేలు శూన్యంలో ఈదుతూ పోతుంటుంది. మంత్రగాళ్ళు, డ్రాగన్లు, మరుగుజ్జులు అందరూ ఉన్నారు కానీ రచయిత కన్నంతా పోలీసు ఉద్యోగం, పోస్టాఫీసు, బ్యాంకు, పత్రికాఫీసు, పురుడు, చావు వీటి మీదే. ఏ పుస్తకం కథ ఆ పుస్తకంలోనే ముగుస్తుంది, మనుషులు మాత్రం ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి నడుస్తూ పోతారు. వరుస గురించిన గొడవ పుట్టేది అక్కడే. ఇంకా చదవనివాళ్ళ సరదా పాడవకుండా, కథల ముగింపులు ఎక్కడా చెప్పలేదు.

ప్రశ్న: ఒకటో నంబరు కదా అని ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’ తెప్పించుకున్నాను. సగంలో ఆగిపోయాను. నవ్వు రావడం లేదు, కథ ఎటు పోతోందో అంతుపట్టడం లేదు. లోపం నాదా, పుస్తకానిదా?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ఇద్దరిదీ కాదు. నంబరు చూసి మొదలుపెట్టడంలో ఉంది చిక్కంతా. అంతకుముందు కొన్ని దశాబ్దాలుగా ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా వచ్చిన కత్తులూ మంత్రాల కథలను ఆట పట్టించడానికి రాసిన పుస్తకం అది. ఫ్రిట్జ్ లైబర్ సృష్టించిన జంట వీరులను వేరే పేర్లతో మొదట్లోనే దింపుతాడు. మూడో భాగంలో తలకిందులుగా ఉండే కొండ, దాని మీద డ్రాగన్ రౌతులు వస్తారు చూడండి, అది ఆన్ మెకాఫ్రీ డ్రాగన్ నవలల మీద విసురు. అసలు పుస్తకాలు చదవనివాళ్ళకు ఆ విసురు తగలదు. పైగా అది నాలుగు విడి భాగాల పుస్తకం, చివర కథ తెగిపోయి రెండోదైన ‘ద లైట్ ఫాంటాస్టిక్’లో అందుకుంటుంది. కథను అలా నడి మధ్యలో తుంచడం ఈ వరుసలో ఇంకెక్కడా లేదు.

మరో సంగతి. మనుషులింకా కుదురుకోలేదక్కడ. అందులో డెత్, అంటే పాత్రగా వచ్చే మృత్యువు, చిరాకు, కక్ష ఉన్నవాడు. తర్వాతి పుస్తకాల్లో కనిపించే డెత్‌కూ ఇతనికీ పోలికే ఉండదు. నగర పాలకుడు కూడా అంతే. అందులో ఆయన గడ్డం కింద మడతలు పడ్డ లావుపాటి మనిషి, పంచదార పాకం పట్టిన జెల్లీ చేపలు తింటూ కూర్చుంటాడు. తర్వాత్తర్వాత వచ్చే వెటినారి ప్రభువు బక్కపలచని మనిషి, తిండి మీద ధ్యాసే లేనివాడు. అభిమానులు ఏళ్ళ తరబడి చెప్పుకునే మనుషులెవరూ ఆ మొదటి పుస్తకంలో ఇంకా పూర్తిగా పుట్టలేదన్నమాట.

కాబట్టి దాన్ని పక్కన పెట్టి ‘గార్డ్స్! గార్డ్స్!’ తీయండి. 1989లో వచ్చిన ఎనిమిదో పుస్తకం. ఎవరూ ఖాతరు చేయని రాత్రి కావలి దళం, తాగి మురిక్కాలవలో పడున్న దాని కెప్టెన్, చట్టం పుస్తకంలో ఏముంటే అది అక్షరాలా నమ్మే ఒక కొత్త కుర్రాడు, డ్రాగన్ను రప్పించాలని చూసే ఒక రహస్య సంఘం. ముందు ఏదీ చదవక్కర్లేదు. మొదట్లోనే రహస్య సంఘం తలుపు దగ్గర సంకేతపదాలు చెప్పుకునే ఘట్టం ఉంది. అది చదివి పెదవి కూడా కదలకపోతే ఈ ద్వారం మీకు సరిపడలేదనుకుని ఇంకో ద్వారం చూసుకోవచ్చు.

డిగ్రీలో మాక్‌బెత్ పాఠంగా ఉంటే ‘వియర్డ్ సిస్టర్స్’ మీకు వెన్నతో పెట్టిన విద్య. ఆ నాటకాన్ని మంత్రగత్తెల వైపు నుంచి తిరగేసి రాశాడు. దేవుడూ భక్తీ మీద ఆలోచన ఉన్నవాళ్ళకు ‘స్మాల్ గాడ్స్’. ఓమ్ అనే మహా దేవుడికి నిజంగా నమ్మే భక్తుడు ఒక్కడే మిగలడంతో మామూలు తాబేలై కూర్చుంటాడు. ఆ ఒక్క భక్తుడికి చదవడం రాదు, కానీ విన్నదీ చూసిందీ ఏదీ మరవడు. మన అవధానుల ధారణ గురించి విన్నవాళ్ళకు ఆ కుర్రాడు వెంటనే దగ్గరవుతాడు. అధ్యాయాలు లేనిదే చదవలేమనేవాళ్ళు ‘గోయింగ్ పోస్టల్’తో మొదలుపెట్టండి. ఉరికంబం దాకా వెళ్ళిన మోసగాడికి మూతబడ్డ పోస్టాఫీసు అప్పగిస్తారు. పని చేస్తావా, పోతావా అన్నది షరతు.

ప్రశ్న: నాకు మొత్తం 41 చదవాలని ఉంది. విడుదలైన వరుసలోనా, పాత్రల వారీగానా? ఏది ముందు చదవకపోతే నష్టపోతామో అది చెప్పండి చాలు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పాత్రల వారీగానే. కాకపోతే కొన్ని చోట్ల ఒక దారి ఇంకో దారిని దాటుతుంది, ఆ కూడళ్ళు తెలిసి ఉండాలి. ముందు దారులు చూద్దాం.

కావలి దళానివి ఎనిమిది: ‘గార్డ్స్! గార్డ్స్!’, ‘మెన్ ఎట్ ఆర్మ్స్’, ‘ఫీట్ ఆఫ్ క్లే’, ‘జింగో’, ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’, ‘నైట్ వాచ్’, ‘థడ్!’, ‘స్నఫ్’. దీన్ని మాత్రం వరుస తప్పకుండా చదవాలి. ఉద్యోగాల్లో పైకి రావడం, పెళ్ళిళ్ళు, పిల్లలు, నగరం మారడం అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. మంత్రగత్తెలవి ఆరు: ‘ఈక్వల్ రైట్స్’, ‘వియర్డ్ సిస్టర్స్’, ‘విచెస్ అబ్రాడ్’, ‘లార్డ్స్ అండ్ లేడీస్’, ‘మాస్కరేడ్’, ‘కార్పే జుగులం’. డెత్‌వి ఐదు: ‘మోర్ట్’, ‘రీపర్ మ్యాన్’, ‘సోల్ మ్యూజిక్’, ‘హాగ్‌ఫాదర్’, ‘థీఫ్ ఆఫ్ టైమ్’. పరుగు తప్ప మంత్రం రాని మాంత్రికుడు రిన్స్‌విండ్‌వి ఏడు: మొదటి రెండు, ‘సోర్సరీ’, ‘ఎరిక్’, ‘ఇంటరెస్టింగ్ టైమ్స్’, ‘ద లాస్ట్ కాంటినెంట్’, ‘ద లాస్ట్ హీరో’. చిన్న మంత్రగత్తె టిఫనీ ఏకింగ్‌వి ఐదు, పోస్టాఫీసు మోసగాడు మోయిస్ట్‌వి మూడు. ఇవి 34. ‘పిరమిడ్స్’, ‘మూవింగ్ పిక్చర్స్’, ‘స్మాల్ గాడ్స్’, ‘ద ట్రూత్’, ‘ది అమేజింగ్ మారిస్’, ‘మాన్‌స్ట్రస్ రెజిమెంట్’, ‘అన్‌సీన్ అకడమికల్స్’ కలిపితే లెక్క సరిపోతుంది.

ఇక కూడళ్ళు. ‘లార్డ్స్ అండ్ లేడీస్’ను ఒంటరిగా తీయకండి. ముందు జరిగింది పట్టించుకోకుండా ఈ కథ చెప్పలేనని రచయితే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ‘వియర్డ్ సిస్టర్స్’, ‘విచెస్ అబ్రాడ్’ రెండూ అయ్యాకే అది. ‘మోర్ట్’ చదవకుండా ‘సోల్ మ్యూజిక్’ తెరిస్తే మొదటి పేజీల్లోనే ‘మోర్ట్’ ముగింపు తెలిసిపోతుంది. ఇది చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే ‘హాగ్‌ఫాదర్’ టీవీలో చూసి అందులోని నాయిక సూసన్ నచ్చి, ఆమె మొదటి కథ కోసం నేరుగా అక్కడికి వెళ్తారు. ‘నైట్ వాచ్’కు ముందు కావలి దళం పుస్తకాలు ఐదూ కాక ‘థీఫ్ ఆఫ్ టైమ్’ కూడా చదివి ఉంటే మంచిది. రెండిట్లోనూ పడేది ఒకే పిడుగు. ఊడ్చే మనిషిలా కనిపించే సన్యాసి లూ-ట్జే రెండిట్లోనూ ఉంటాడు, అతని తొలి అడుగు ‘స్మాల్ గాడ్స్’లో. కొండల మీద టవర్లతో సందేశాలు పంపే ‘క్లాక్స్’ మొలకెత్తేది ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’లో, మట్టిబొమ్మ మనుషులు గోలెమ్‌లు వచ్చేది ‘ఫీట్ ఆఫ్ క్లే’లో. ‘గోయింగ్ పోస్టల్’లో ఈ రెండూ కథను నడుపుతాయి. ఆ రెండూ చదవకపోయినా అర్థమవుతుంది కానీ, తెలిసినవాళ్ళకు రుచి వేరు. ‘రెయిజింగ్ స్టీమ్’ మాత్రం ‘థడ్!’, ‘స్నఫ్’, ‘మేకింగ్ మనీ’ మూడూ అయ్యాకే చేపట్టండి. మరుగుజ్జుల తగవు, గాబ్లిన్ల స్థితి రెండూ అక్కడ నడుస్తున్న సంగతులుగా వస్తాయి, మళ్ళీ మొదటినుంచి చెప్పడు.

ఎనిమిది పుస్తకాల దారిని ఏకబిగిన చదివేయకండి. మధ్యలో ఇంకో దారిది ఒకటి వేసుకుంటూ పోతే అదే నగరం వేరే కళ్ళతో కనిపిస్తుంది. ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ తర్వాత ‘రీపర్ మ్యాన్’, ‘జింగో’ తర్వాత ‘ద ట్రూత్’ బాగా పడతాయి. ‘ద ట్రూత్’లో కావలి దళాన్ని పత్రికవాళ్ళ వైపు నుంచి చూపిస్తాడు. మనం అప్పటిదాకా వెనకేసుకొచ్చిన కమాండర్ అక్కడ విలేకరులకు అడ్డుపడే మొరటు పోలీసు అధికారి.

ప్రశ్న: రిటైరైన ఇంగ్లీషు టీచర్ని. అయినా ఈ పుస్తకాలు కాస్త ఇబ్బంది పెడుతున్నాయి. అధ్యాయాలుండవు, పేజీ కింద గమనికలు ఆగవు, ఒక పాత్ర మాటలకు కొటేషన్ గుర్తులుండవు. చదివే పద్ధతి ఏమైనా ఉందా?
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఉంది. పెద్దల కోసం రాసిన పుస్తకాల్లో చాలావాటికి అధ్యాయాలు లేవు. దృశ్యం మారినచోట ఒక ఖాళీ వరస, అంతే. ఆగేటప్పుడు ఆ ఖాళీ దగ్గరే ఆగండి. దృశ్యం మధ్యలో ఆపితే మర్నాడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక రెండు పేజీలు వెనక్కి వెళ్ళాల్సొస్తుంది.

కొటేషన్ గుర్తుల్లేకుండా చిన్నసైజు పెద్దక్షరాల్లో ఉండే మాటలు డెత్‌వి. అతని గొంతు చెవికి వినబడదు, నేరుగా తలలో పడుతుంది, అందుకని అచ్చులోనే తేడా పెట్టాడు. ‘ఫీట్ ఆఫ్ క్లే’లో ఒక గోలెమ్ మాట్లాడేటప్పుడు ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది. అచ్చు తప్పు కాదది, గొంతు గుర్తు. కొన్ని ఈ-బుక్ యాప్‌లలో అక్షరాల శైలి మార్చుకుంటే చిన్నసైజు పెద్దక్షరాలు మామూలువైపోతాయి. డెత్ మాటలు తేడాగా కనబడకపోతే ప్రచురణకర్త ఇచ్చిన ఫాంటుకే తిరిగి మార్చుకోండి.

గమనికలు గుర్తు కనిపించిన క్షణమే చదవాలి. తర్వాత చూద్దామంటే హాస్యం చల్లారిపోతుంది. కొన్ని గమనికలకు మళ్ళీ గమనికలుంటాయి. కాగితం పుస్తకంలో కన్ను కిందికి దించితే చాలు. ఫోన్లో మాత్రం గుర్తు నొక్కితే కొన్ని యాప్‌లలో పుస్తకం చివరికి వెళ్ళిపోయి తిరిగి రాలేక తికమక అవుతుంది. గమనికను అదే పేజీ మీద చిన్న కిటికీలో చూపించే యాప్ అయితే మేలు.

వినడం ఇంకో ఉపాయం. 2022 నుంచి వచ్చిన కొత్త ఆడియో పుస్తకాల్లో గమనికలన్నీ బిల్ నై గొంతులో, డెత్ మాటలు పీటర్ సెరాఫినోవిచ్ గొంతులో ఉంటాయి. ఎక్కడ కథ, ఎక్కడ గమనిక అన్నది చెవికే తెలిసిపోతుంది. మంత్రగత్తెల పుస్తకాలు ఇందిరా వర్మ చదివారు. పాతవాటిలో టోనీ రాబిన్సన్ చదివినవి కుదించినవి, కొనేముందు చూసుకోండి. టిఫనీ పుస్తకాల్లో నీలం రంగు చిట్టి మనుషులు, ఫీగుల్స్, స్కాట్లండ్ యాసలో మాట్లాడతారు. కళ్ళతో చదివితే అర్థంకాని ఆ మాటలు గట్టిగా పైకి చదివితే సగం, వింటే ముప్పావు దారికొస్తాయి.

ప్రశ్న: తాబేలు మీద ఏనుగులు, ఏనుగుల మీద లోకం. ఇది మనదే కదా? నాలుగే ఎందుకు?
– శ్రీకాకుళం

జవాబు: భూమిని తాబేలో ఏనుగులో మోస్తాయన్న ఊహ హిందూదేశపుదిగా యూరప్‌లో ఎప్పటినుంచో ప్రచారంలో ఉంది. ప్రాచెట్ తీసుకున్నది ఆ ప్రచారంలోని రూపాన్ని. శ్రీకూర్మం మీ జిల్లాలోనే ఉంది కాబట్టి మీకు తెలియనిది కాదు, మన కూర్మం మోసింది మందర పర్వతాన్ని. మన దిగ్గజాలు ఐరావతం మొదలు సుప్రతీకం దాకా ఎనిమిది. అక్కడివి నాలుగే: బెరిలియా, ట్యూబుల్, గ్రేట్ టి’ఫాన్, జెరకీన్. ఐదోది ఒకప్పుడు జారి పడిందని అక్కడి పురాణం, ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’ పేరు దాన్నుంచే వచ్చింది. తాబేలు పేరు గ్రేట్ అ’టుయిన్. అది ఆడో మగో తేల్చుకోవడానికి మనుషులు మొదటి పుస్తకంలో నానా అవస్థలు పడతారు.

ప్రశ్న: కమాండర్ వైమ్స్‌ను మించిన పాత్ర ఈ వరుసలో లేదు. ఒప్పుకుంటారా?
– విశాఖపట్నం

ప్రశ్న: గ్రానీ వెదర్‌వాక్స్ ముందు అందరూ దిగదుడుపే. మా పుస్తక బృందంలో వైమ్స్ పక్షం వాళ్ళు ఒప్పుకోవడం లేదు. తీర్పు చెప్పండి.
– వరంగల్

జవాబు: రెండు ఉత్తరాలూ ఒకే టపాలో వచ్చాయి, కలిపే జవాబిస్తున్నాం. తెలియనివాళ్ళ కోసం: వైమ్స్ కావలి దళం నాయకుడు, గ్రానీ మంత్రగత్తెల పుస్తకాల నాయిక.

వైమ్స్ పక్షం బలం ఎక్కడుందో ముందు చూద్దాం. ‘మెన్ ఎట్ ఆర్మ్స్’లో బూట్ల లెక్క ఉంది. అప్పటికి వైమ్స్ కెప్టెన్, జీతం నెలకు 38 డాలర్లు, పైన బత్తాలు. మంచి తోలు బూట్లు 50 డాలర్లు. అందుబాటులో ఉండేవి 10 డాలర్లు, అవి ఒకటి రెండు రుతువులు ఆగి అడుగునున్న అట్ట అరిగిపోగానే లోపలికి నీళ్ళు కారతాయి. డబ్బున్నవాడి 50 డాలర్ల జోడు పదేళ్ళయినా పొడిగా ఉంచుతుంది. లేనివాడు ఆ పదేళ్ళలో 100 డాలర్లు పోసి కూడా తడి కాళ్ళతోనే తిరుగుతాడు. పేదరికం ఖరీదైందని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన కాల్పనిక పోలీసు ఇంకొకడు లేడు. 2022లో బ్రిటన్‌లో పేదలు కొనే చవక సరుకుల ధరల పెరుగుదలను లెక్కగట్టే ప్రయత్నానికి ఈ బూట్ల పేరే పెట్టారు. అదే అరిగిన అడుగు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. కాలికి తగిలే రాళ్ళను బట్టి, పొగమంచు కమ్మిన రాత్రిలోనూ ఏ వీధిలో ఉన్నాడో చెప్పగలడు. ఒక పాత్రకు సిద్ధాంతం ఇచ్చి, ఆ సిద్ధాంతాన్ని అతని అరికాలికి అంటించడం మామూలు పనితనం కాదు.

గ్రానీ సంగతి వేరు. ఆమె మంత్రం వేయగలిగీ వేయదు. మనిషి దేన్ని నమ్ముతాడో దాన్నే పట్టుకుని పని జరిపిస్తుంది. మనసును పక్షిలోకో తేనెటీగల పట్టులోకో పంపి, ఒళ్ళు కట్టెలా మంచం మీద పడి ఉన్నప్పుడు, ఎవరూ పాడె కట్టకుండా నేను చచ్చిపోలేదని అక్షర దోషాలతో రాసిన అట్టముక్క చేతిలో పెట్టుకుంటుంది. ‘విచెస్ అబ్రాడ్’ చివర్లో అద్దాల మధ్య ఆమెకు ఎదురయ్యే ప్రశ్న, దానికి ఆమె తడుముకోకుండా చెప్పే జవాబు ఇక్కడ రాయం. అది చదివాకే వరంగల్ బృందం వోటింగు పెట్టుకోవాలి.

మా తీర్పు గ్రానీకే. వైమ్స్ మనకెందుకు నచ్చుతాడంటే కోపాన్ని అణుచుకోవడానికి పడే బాధంతా పేజీ మీద కనబడుతుంది కాబట్టి. గ్రానీ లోపల అదే యుద్ధం ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంటుంది, రచయిత మనల్ని లోపలికి పోనివ్వడు. చుట్టూ ఉన్న తోటి మంత్రగత్తెలు నానీ ఆగ్, మాగ్రట్‌ల చూపుల్లోంచి ఊహించుకోవాలి. అలా దాచి రాయడం ఎక్కువ కష్టం. విశాఖవారు ‘నైట్ వాచ్’ పేరెత్తి వాదిస్తారని తెలుసు. ఒక్క పుస్తకంగా చూస్తే ఈ 41లో అదే గొప్పదని మేమూ ఒప్పుకుంటాం. ముప్ఫై ఏళ్ళు వెనక్కి పడిపోయి, కుర్రవాడైన తనకు తానే పాఠం చెప్పాల్సిన వైమ్స్ అందులో ఉన్నాడు. మే 25న అభిమానులు లైలాక్ పూలు తగిలించుకునేది ఆ పుస్తకం కోసమే.

ఇద్దరికీ అన్యాయం చేసే మాట ఒకటి చెబుతాం. మళ్ళీ మళ్ళీ చదివేకొద్దీ పెరిగే పాత్ర డెట్రిటస్. రాతి మనిషి, మెదడు సిలికాన్, వేడెక్కితే మొద్దు. చలిలో చురుకు. ‘మెన్ ఎట్ ఆర్మ్స్’లో మంచుగదిలో ఇరుక్కున్నప్పుడు గోడ మీద అతను లెక్కలు రాసుకుంటూ పోవడం, తర్వాత మరుగుజ్జు మిత్రుడు కడ్డీ అతనికి గడియారపు యంత్రంతో తిరిగే ఫ్యానున్న టోపీ చేసిపెట్టడం చూడండి. మూడు నాలుగు పుస్తకాల పాటు ఆ టోపీని వెంబడించండి.

ప్రశ్న: డెత్‌ను మన యముడితో పోల్చవచ్చా?
– నెల్లూరు

జవాబు: పోలిక కన్నా తేడానే ఎక్కువ. యమధర్మరాజు పాపపుణ్యాలు తూచి తీర్పిస్తాడు, చిట్టా రాయడానికి చిత్రగుప్తుడున్నాడు. డెత్ తీర్పివ్వడు. పోయినవాడు దేన్ని నమ్మాడో అక్కడికే పోతాడు, ఇతను దారి చూపించేవాడు మాత్రమే. గుర్రం పేరు బింకీ, అది అస్థిపంజరం కాదు, నిజం గుర్రం. పిల్లులంటే ప్రాణం, కూరలంటే ఇష్టం. మనుషులను అర్థం చేసుకోవాలనే తాపత్రయం ఉంది కానీ పట్టు దొరకదు. ‘రీపర్ మ్యాన్’లో ఉద్యోగం పోయి పొలం కూలీగా చేరినప్పుడు పైరును గుప్పెడు గుప్పెడుగా కాక ఒక్కో కాడగా కోస్తాడు. అందరికన్నా వేగంగా కూడా కోస్తాడు. ఎందుకలాగో చెప్పకుండానే అర్థమవుతుంది. ‘మోర్ట్’ తర్వాత ఇంకొక్కటే చదివే తీరికుంటే అది చదవండి. అందులో మాంత్రికుల వైపు నడిచే రెండో కథ కాస్త బలహీనం, ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్ళు. ఇంగ్లీషు ధారాళంగా చదువుతుంది. ఏది ఇవ్వాలి?
– న్యూజెర్సీ

జవాబు: ‘ద వీ ఫ్రీ మెన్’. టిఫనీకి అందులో తొమ్మిదేళ్ళు, గొర్రెల కాపర్ల ఇంటి పిల్ల, ఆయుధం పెనం. కథల పుస్తకంలో రాక్షసి కళ్ళు సూపు పళ్ళేలంత ఉంటాయని ఉంటే, లేచి వెళ్ళి సూపు పళ్ళెం కొలిచి చూస్తుంది. ఎనిమిది అంగుళాలు. ఈ ఒక్క పనితో ఆ పిల్ల ఎలాంటిదో తెలిసిపోతుంది. తర్వాత ‘ఎ హ్యాట్ ఫుల్ ఆఫ్ స్కై’, ‘వింటర్‌స్మిత్’. ఇక్కడ మాత్రం ఆగండి. నాలుగోది ‘ఐ షల్ వేర్ మిడ్‌నైట్’లో టిఫనీకి పదహారేళ్ళు దగ్గర పడతాయి, కథ మొదట్లోనే తండ్రి చేతిలో దెబ్బలు తిని గర్భం పోగొట్టుకున్న ఒక అమ్మాయి ఉంటుంది. పద్నాలుగేళ్ళు వచ్చాక ఇవ్వడం మంచిది, ముందు మీరు చదివి ఇవ్వడం ఇంకా మంచిది. ఆ పుస్తకంలో ‘ఈక్వల్ రైట్స్’ నాయిక పెద్దదై వస్తుంది కాబట్టి ఈలోగా అదీ చదివేయొచ్చు.

‘ది అమేజింగ్ మారిస్’కు పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం వచ్చింది. మాట్లాడే పిల్లి, ఎలుకలు అనగానే చిన్నపిల్లలది అనుకుంటారు. ఎలుకలను కుక్కలతో కొరికించే పందేలు, చీకటి సొరంగాలు ఉన్నాయి. పాప భయస్తురాలైతే పన్నెండు దాటాక.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నాను. ఏ ముద్రణ చూసుకోవాలి?
– వరంగల్ నుంచి అబిడ్స్ ఆదివారం సంతకు వచ్చే పాఠకుడు

జవాబు: పుస్తకం లోపలి కథ అన్ని ముద్రణల్లో ఒకటే, కాబట్టి చవకది తీసుకోండి. మూడు జాగ్రత్తలు చాలు. ‘ద లాస్ట్ హీరో’ పెద్ద సైజు బొమ్మల పుస్తకం, పాల్ కిడ్బీ వేసిన బొమ్మలు లేకుండా దాన్ని చదవడం దండగ. ‘ఎరిక్’ కూడా మొదట బొమ్మలతోనే వచ్చింది, తర్వాతి చిన్న ముద్రణల్లో బొమ్మలుండవు, చూసి కొనండి. ‘ద సైన్స్ ఆఫ్ డిస్క్‌వరల్డ్’ పేరుతో నాలుగు సంపుటాలున్నాయి, ఒక అధ్యాయం కథ, ఒక అధ్యాయం విజ్ఞాన వ్యాసంగా సాగుతాయి. అవి 41లో లెక్కకు రావు, మొదటి పుస్తకంగా అసలే పనికిరావు. జాష్ కర్బీ వేసిన పాత అట్టలు కిక్కిరిసిన బొమ్మలతో ముచ్చటగా ఉంటాయి కానీ వాటిని నమ్మి పాత్రల రూపం ఊహించుకోకండి. మొదటి పుస్తకంలో కళ్ళద్దాలవాడిని ‘నాలుగు కళ్ళు’ అంటే, ఆయన నిజంగానే నాలుగు కళ్ళు గీశాడు.

ప్రశ్న: 42వ పుస్తకం ఎవరైనా పూర్తి చేస్తారా? సగంలో ఉన్నవి ఉన్నాయట కదా.
– కర్నూలు

జవాబు: రావు. ప్రాచెట్‌కు అల్జీమర్స్ జబ్బు అని 2007 డిసెంబరులో ఆయనే ప్రకటించారు. తర్వాతి నవలలు ఎక్కువగా మాటల్లో చెప్పి రాయించినవే. 2015 మార్చి 12న కన్నుమూశారు. అసంపూర్ణ రచనలున్న హార్డ్‌డిస్కును ఆయన కోరిక ప్రకారం 2017 ఆగస్టు 25న ఇంగ్లండులోని గ్రేట్ డోర్సెట్ స్టీమ్ ఫెయిర్‌లో ఆవిరి రోడ్డు రోలరుతో తొక్కించారు. ముక్కలను సాల్స్‌బరీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఆఖరిదైన ‘ద షెపర్డ్స్ క్రౌన్’ ఆయన పోయాకే వచ్చింది. దాన్ని మంత్రగత్తెల ఆరూ, టిఫనీ నాలుగూ అయ్యేదాకా ముట్టుకోకండి. వెనక అట్ట మీది పరిచయం కూడా చదవకండి.

చిన్న ప్రశ్నలు – చిన్న జవాబులు

లైబ్రేరియన్ ఎందుకు కోతిలా ఉంటాడు? (గుంటూరు) – రెండో పుస్తకంలో మంత్రం తగిలి ఒరంగుటాన్ అయ్యాడు. పై అరల్లోని పుస్తకాలు అందుకోవడానికి వీలుగా ఉందని మనిషిగా మారనన్నాడు. కోతి అంటే మాత్రం ఊరుకోడు, మీరు జాగ్రత్త.

రిన్స్‌విండ్ పుస్తకాలు చివరికి వదిలేయొచ్చా? (నిజామాబాద్) – వదిలేయొచ్చు. పెట్టె కోసమైనా ‘ఇంటరెస్టింగ్ టైమ్స్’ దాకా రండి, వందల చిట్టి కాళ్ళతో యజమాని వెంట పరుగెత్తే ఆ లగేజీ పెట్టెకే యజమానికన్నా వ్యక్తిత్వం ఎక్కువ.

టీవీలో ఏది చూడాలి? (బెంగళూరు) – 2010 నాటి ‘గోయింగ్ పోస్టల్’. అందులో వెటినారిగా చార్లెస్ డాన్స్ చేశారు. 2021లో వచ్చిన ‘ద వాచ్’ పేర్లు తప్ప మిగతావన్నీ మార్చేసింది, పుస్తకాలు చదివాక చూస్తే తగవు పెట్టుకుంటారు.

అభిమానులు ప్రాచెట్ పేరు ముందు ‘జీఎన్‌యూ’ అని ఎందుకు రాస్తారు? (చెన్నై) – ‘గోయింగ్ పోస్టల్’లో క్లాక్స్ టవర్లవాళ్ళ సంకేతం అది. జీ అంటే సందేశం ముందుకు పంపు, ఎన్ అంటే రికార్డులో రాయకు, యూ అంటే వరస చివర వెనక్కి తిప్పు. పనిలో చనిపోయిన తోటివాడి పేరు అలా టవర్ల మధ్య ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. 2015 తర్వాత చాలా వెబ్‌సైట్లు తమ సర్వరు పంపే హెడర్లలో ఎక్స్-క్లాక్స్-ఓవర్‌హెడ్ అనే వరస చేర్చి అందులో ఈ మూడక్షరాలూ ఆయన పేరూ పెట్టాయి. పేజీ మీద ఏమీ కనబడదు, బ్రౌజరులో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ విభాగంలో రెస్పాన్స్ హెడర్లు చూస్తే దొరుకుతుంది.